నాకు దగ్గు లేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. నన్ను పిలిచిన ఈ సంఘపు పాస్టరు అయ్యగారికి, ఇంత ఎండలో గురజాల నుంచి నాతో పాటు బస్సెక్కి వచ్చిన మా సంఘపు పెద్దలకు వందనాలు. నా పేరు ఇశ్రాయేలు. ట్రాక్టర్లు, నీళ్ల మోటార్లు బాగుచేసే పని నాది. పదిమంది ముందు మాట్లాడటం నాకు కొత్త కాదు గానీ, ఎవరూ రాసివ్వని మాటలు మాట్లాడటం కొత్త, కాబట్టి ఎక్కడైనా తడబడితే ఓర్చుకోండి.

నాలుగేళ్ల కిందట మీరు నన్ను చూసి ఉంటే, మనిషి నెమ్మదస్తుడు, సారా ముట్టడు, సిగరెట్టు ముట్టడు, ఆదివారం మందిరం తప్పడు, పాపం ఛాతీలో ఏదో బలహీనత ఉన్నట్టుంది ఎప్పుడూ దగ్గుతుంటాడు అనుకునేవారు. మా సంఘంలో అందరూ అలాగే అనుకున్నారు. స్త్రీల కూడికలో నా పేరు పెట్టి మరీ నా దగ్గు కోసం ప్రార్థన చేసేవారు. సహోదరులారా, నాకు దగ్గు లేదు! నేను దగ్గుమందు తాగేవాణ్ణి, జబ్బు తగ్గడానికి కాదు, మత్తు కోసం తాగేవాణ్ణి. నోరు వాసన రాదు, నడక తూలదు, అడిగేవాళ్లు ఉండరు. పొద్దున లేవగానే కావాలి, మధ్యాహ్నం కావాలి, పడుకోబోయే ముందు కావాలి, లేకపోతే చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమటలు పడతాయి, కన్నబిడ్డ పిలిచినా విసుగొస్తుంది. ఊళ్లో ఉన్న మందుల షాపులన్నీ వరస పెట్టుకుని, ఈ రోజు ఈ షాపు, రేపు ఆ షాపు అనుకుంటూ, గుమ్మం ముందు నుంచే దగ్గుతూ లోపలికి వెళ్లేవాణ్ణి. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే నటించడం నాకు ఆరేళ్ల వయసులో అబ్బిన విద్య.

అవును, నేను సినిమాల్లో చేశాను. మీలో నా వయసు వాళ్లు చిన్నప్పుడు నన్ను తెర మీద చూసే ఉంటారు. అప్పుడు నా పేరు ఇశ్రాయేలు కాదు, మాస్టర్ విహారి.

మా అమ్మానాన్నలు మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్లే కూలీలు. మా పల్లెలో మందిరం అప్పటికి రేకుల షెడ్డు. ఆ ఏడాది క్రిస్మస్ నాటకంలో నాకు గొర్రెల కాపరి వేషం ఇచ్చారు, నాకున్నవి రెండే మాటలు, కానీ పక్కన దేవదూత వేసిన పిల్లాడు భయపడి నోరు తెరవకపోతే వాడి మాటలు కూడా నేనే చెప్పేశాను, హేరోదు రాజు వేసినవాడు మరిచిపోతే హేరోదు మాటలూ నేనే చెప్పాను, జనం పడీ పడీ నవ్వారు. ఆ రోజు మా మేనమామ ప్రకాశం వెనక వరసలో కూర్చుని చూశాడు. అమ్మకు తమ్ముడు. హైదరాబాదులో సినిమా కంపెనీల దగ్గర వ్యాను నడిపేవాడు. నాటకం అయ్యాక అమ్మ దగ్గరికి వచ్చి, "అక్కా, వీడు ఈడ ఉండాల్సినోడు కాదే. ఒక్క సినిమాకి పంపియ్, మీ బతుకులు మారతయ్" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. అమ్మ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు నా బట్టలు సంచిలో సర్దింది.

నేను అబద్ధం చెప్పను, మొదట్లో నాకు అక్కడ ఎంతో బాగుంది. అందరూ ఎత్తుకునేవారు, బిస్కెట్లు ఇచ్చేవారు, పెద్దపెద్ద నటులు ఒళ్లో కూర్చోబెట్టుకునేవారు. ఏడవమంటే ఏడ్చేవాణ్ణి, నవ్వమంటే నవ్వేవాణ్ణి, ఒక్కసారి చెబితే మాట మరిచేవాణ్ణి కాదు. కానీ సినిమా పనంటే నటించడం అనుకుంటారు, కాదండీ, సినిమా పనంటే కాచుకుని కూర్చోవడం. పొద్దున్నే రంగు పూసి కూర్చోబెడతారు, ఎండ ఎక్కుతుంది, దిగుతుంది, మన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు మాత్రం అప్పుడే నిద్రలేచిన పువ్వులా ఉండాలి. ఆరేళ్ల పిల్లవాడు ఎలా ఉంటాడు? కూర్చున్నచోటే జోగేవాణ్ణి, విసిగి ఏడ్చేవాణ్ణి, అమ్మ కావాలని పేచీ పెట్టేవాణ్ణి.

ఒకసారి నిజంగానే దగ్గు వచ్చింది. మామ షాపుకు వెళ్లి మందు తెచ్చి మూతెడు తాగించాడు. వ్యానులో వెనక సీటు మీద పడుకుని, చుట్టూ అంత గోల జరుగుతున్నా కదలకుండా నిద్రపోయాను. లేచి వెళ్లి ఒక్క దెబ్బలో సీను చేసేశాను. డైరెక్టరు గారు మామ భుజం తట్టి, పిల్లాణ్ణి భలే చూసుకుంటున్నావయ్యా అన్నారట. అంతే. ఆ తర్వాత దగ్గు ఉన్నా లేకపోయినా షూటింగ్ రోజు మధ్యాహ్నం మామ వ్యాను తలుపు వేసి, నా తల నిమిరి, "మా బంగారం కదూ, మూతెడు తాగు, మంచి నిద్రొస్తది" అనేవాడు. నేను తాగేవాణ్ణి. తియ్యగా ఉండేది. నిద్రపోయే ముందు ఒళ్లంతా వెచ్చగా, ఎవరో పొదివి పట్టుకున్నట్టు ఉండేది. అమ్మ దగ్గర లేని పిల్లవాడికి అదే అమ్మ ఒడి అయింది సహోదరులారా.

ఒక సినిమాలో నేను చచ్చిపోతాను. నదిలో పడి మునిగిపోయే పిల్లవాడి వేషం. ఆ సినిమా గురజాలకు వచ్చినప్పుడు మా పల్లె వాళ్లంతా ట్రాక్టర్ల మీద వెళ్లారు, నన్నూ తీసుకెళ్లారు. అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెర మీద నా శవాన్ని ఒడ్డుకు తెచ్చేసరికి అమ్మ నన్ను కింద పడేసి లేచి నిలబడి పెద్దగా కేక వేసింది. నేను కింద నుంచి అమ్మా అమ్మా అని చీర లాగుతున్నాను, అమ్మకు వినబడటం లేదు. హాలంతా ఏడుస్తోంది. బయటికి వచ్చాక అందరూ నన్ను భుజాల మీద ఎక్కించుకున్నారు. నాన్న మాత్రం ఇంటికి వెళ్లాక, "ఇంక చాలు, వాణ్ణి బడికి పంపుదాం" అన్నాడు. ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

పన్నెండో ఏట గొంతు మారింది, ముఖం పొడుగు సాగింది. పిలవడం మానేశారు. చెప్పి మానేసిన వాళ్లు ఒక్కరూ లేరు. మామ నన్ను గురజాల బస్సెక్కించి, కబురు చేస్తానని చెప్పాడు. కబురు రాలేదు, మామ వేరే పిల్లల్ని తీసుకెళ్లే పనిలో పడ్డాడు. బడికి వెళితే అక్షరాలు సరిగా రాని నన్ను నాలుగో తరగతిలో కూర్చోబెట్టారు, పక్కన ఉన్న పిల్లలు నా భుజం దాకా వచ్చేవారు. ఎక్కడికి వెళ్లినా, పెళ్లిలో గానీ బస్సులో గానీ, ఎవరో ఒకరు "ఏదిరా, ఏడ్చి చూపియ్" అనేవారు. నేను ఏడ్చి చూపించేవాణ్ణి. వాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోయాక ఆ తియ్యటి మందు కావాలనిపించేది. పదమూడేళ్లకు మొదటిసారి నా అంతట నేను షాపుకు వెళ్లి, దగ్గి, కొనుక్కున్నాను.

ఆ అలవాటు ఇరవై ఏళ్లకు పైగా సాగింది. నా వయసు వాళ్లందరికీ ఏదో ఒక పని దొరికింది, నన్ను ఎవరూ పెట్టుకోలేదు. ఆఖరికి మస్తాన్ వలి అన్న తన వర్క్‌షాపులో పెట్టుకున్నాడు. ఆయన ముస్లిం, నమాజు తప్పని మనిషి. మొదటి రోజే నా చేతుల వణుకు చూసి, ఏమీ అడగకుండా, చిన్న స్పానరు నా చేతిలో పెట్టాడు. పని నేర్పాడు. తర్వాత నాకు పెళ్లయింది. నా భార్య రూతు అంగన్‌వాడీ టీచరు, రాజుపాలెం పిల్ల. పెళ్లయిన రెండేళ్లకు పనిముట్ల పెట్టె అడుగున సీసాలు చూసి నిలదీసింది. బైబిలు మీద చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టు పెట్టాను. నెల తిరక్కుండా తప్పాను. మళ్లీ ఒట్టు, మళ్లీ తప్పు. మందిరంలో ముందు వరసలో కూర్చుని కన్నీళ్లు కార్చేవాణ్ణి, ఆ కన్నీళ్లలో నిజమెంతో నటనెంతో నాకే తెలిసేది కాదు. ఎంత భయంకరమైన స్థితి అండీ అది!

మాకు ఒక్కతే బిడ్డ, షారోను. దానికి ఏడేళ్లప్పుడు, మిరపకాయలు కల్లాల్లో ఎండే కాలంలో, హైదరాబాదు నుంచి ఒక గుంపు మా వైపు సినిమా తీయడానికి వచ్చింది. ఫోన్లలో చూసే సినిమా అట. పాత ట్రాక్టరు కావాలని మస్తాన్ అన్న షాపుకు వస్తే, ఎవరో నన్ను చూపించి, ఈయనే మాస్టర్ విహారి అన్నారు. ఆ అసిస్టెంటు కుర్రవాడు లేచి నిలబడి నా చేతులు పట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత నన్ను ఆ పేరుతో ఒకరు గౌరవంగా పిలిచారు. అప్పుడే బడి నుంచి వచ్చిన షారోనును చూసి, మాకు ఇలాంటి పాపే కావాలి సార్, మీ రక్తం కదా, చేసేస్తుంది అన్నాడు. నాలో చచ్చిపోయింది అనుకున్నది లేచి కూర్చుంది.

రూతు వద్దంది. ఇంట్లో గొడవైంది. "నిన్ను తిన్నది చాలదా, బిడ్డని కూడా పెడతావా దాని నోట్లో" అంది. నేను సరే మానేద్దాం అన్నాను. శనివారం వచ్చాక, పిల్లల పాటల ప్రాక్టీసు ఉంది మందిరానికి తీసుకెళ్తున్నానని అబద్ధం చెప్పి, షారోనును బండి మీద ఎక్కించుకుని షూటింగుకు తీసుకెళ్లాను. దేవుని మందిరాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధమాడాను సహోదరులారా, ఏదీ దాచకూడదని ఇదీ చెబుతున్నాను.

మిరప కల్లం, నడినెత్తిన ఎండ, ఘాటు. పొద్దున ఒక సీను అయింది, రెండోది నాలుగు గంటలకు అన్నారు. బిడ్డకు కళ్లు మండుతున్నాయి, అమ్మ దగ్గరికి పోదాం నాన్నా అని ఏడుపు మొదలుపెట్టింది. అసిస్టెంటు వచ్చి, పాపను కాసేపు పడుకోబెట్టండి సార్, సాయంత్రానికి ముఖం ఫ్రెష్‌గా ఉండాలి అని మంచిగానే చెప్పి వెళ్లాడు. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. నేను బిడ్డను వాళ్ల కారులో పడుకోబెట్టి, జేబులోంచి సీసా తీసి, మూతలో పోశాను.

షారోను నా వైపు చూసి, "నాకు దగ్గు లేదుగా నాన్నా" అంది.

"మా బంగారం కదూ, మూతెడు తాగు, మంచి నిద్రొస్తది" అన్నాను. మామ మాటలు, మామ గొంతు, అక్షరం పొల్లు పోకుండా నా నోట్లోంచి వచ్చాయి. బిడ్డ తాగింది. అది చాలలేదు, ఇంకా కదులుతోందని ఇంకొంత పోశాను. తర్వాత నా వంతు నేను తాగాను.

నాలుగింటికి లేపితే లేవలేదు. నవ్వుతూ లేపాను, చెంపలు తట్టాను, నీళ్లు చల్లాను. తల వాలిపోయింది. ఊపిరి ఎక్కడో లోపల నుంచి, ఆగి ఆగి వస్తోంది. ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను, ఎవరిదో ఆటో ఆగింది, సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ బిడ్డ కనురెప్పలు ఎత్తి చూసి, ఏం తాగింది, ఎంత తాగింది అని అడిగింది.

అక్కడ, ఆ మంచం పక్కన, నా జీవితం రెండు దారులుగా చీలింది. ఎండదెబ్బ అని చెప్పొచ్చు. ఎండలో ఉన్న మాట నిజమే, అందరూ నమ్ముతారు, నా పరువు నిలుస్తుంది. నోటి దాకా వచ్చింది కూడా. అప్పుడు లోపల ఒక్క ప్రార్థన చేశాను, అది ప్రార్థన అని కూడా నాకు తెలియదు: "ప్రభువా, నాకు అబద్ధం తప్ప ఏమీ చేతకాదు. ఈ ఒక్కసారి నా నోరు నువ్వు తెరువు." అంతే. నోరు తెరిచాను. జేబులోంచి సీసా తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టి, ఇది నేనే తాగించాను, ఇంత తాగించాను, నేను రోజూ తాగుతాను అని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, తిట్టే టైము లేదు. వెంటనే సూది వేశారు, గొట్టం పెట్టారు. రూతు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి నేను నేల మీద కూర్చుని ఉన్నాను, ఆమెకూ ఉన్నదున్నట్టు చెప్పాను. కానిస్టేబుల్ వచ్చి రాసుకున్నాడు, సంతకం పెట్టాను.

పొద్దు వాలకముందే బిడ్డ కళ్లు తెరిచింది! వాళ్లమ్మను చూసి మంచినీళ్లు అడిగింది. దేవునికే మహిమ! ఇంకాస్త ఆలస్యమైనా, మందు పేరు తెలియకపోయినా ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

మరునాడు ఆసుపత్రి వరండాలో రూతు నన్ను పక్కకు పిలిచింది. కోపంగా కూడా లేదు, అది చూసి నాకు ఇంకా భయమేసింది. "నిజం చెప్పి బిడ్డని బతికించావు. అబద్ధం చెప్పి బిడ్డని ఆడ పడుకోబెట్టింది కూడా నువ్వే. మీ ఇద్దర్లో ఎవరు గెలుస్తారో తేలిందాకా నేను మా అమ్మ దగ్గరుంటా" అంది. బిడ్డను తీసుకుని రాజుపాలెం వెళ్లిపోయింది. నేను ఆపలేదు. ఆపే హక్కు నాకు ఏం మిగిలింది?

స్టేషనులో ఎస్సై గారు గట్టిగా హెచ్చరించి పంపారు. అక్కడి నుంచి నేరుగా మా సంఘం పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్లాను. మోకాళ్ల మీద పడి, నా మీద చేతులుంచి ఈ దయ్యాన్ని వెళ్లగొట్టండి అన్నాను. అయ్యగారు చేతులుంచి ప్రార్థించారు. ఆమెన్ అన్నాక, "లెయ్యి. పొద్దున్నే నరసరావుపేటలో మత్తు మాన్పించే డాక్టరు దగ్గరికి పోదాం, నేనూ వస్తా. ఆ డాక్టర్ని చదివించింది కూడా దేవుడే" అన్నారు. అన్నట్టే వచ్చారు. ఆ డాక్టరు మాత్రలు రాసి, ఇది ఒక్క రోజులో పోయేది కాదు, మొదటి పది రోజులు నరకం, ఆ తర్వాత ప్రతి రోజూ నువ్వు మళ్లీ వద్దనుకోవాలి అని చెప్పారు.

సహోదరులారా, సాక్ష్యాల్లో చాలామంది ఒక్క ప్రార్థనతో సంకెళ్లు తెగిపోయాయని చెబుతారు, వారిని బట్టి దేవునికి స్తోత్రం. నాకు మాత్రం దేవుడు ఒక్కో రోజుకు ఒక్కో ముడి విప్పాడు. ఇంట్లో ఒంటరిగా ఉండలేనని మస్తాన్ అన్న వర్క్‌షాపు వెనక గదిలో మంచం వేయించాడు. ఎముకల్లో ఎవరో ఇసుక పోసినట్టు నొప్పి, కళ్లూ ముక్కూ కారడం, కడుపులో మెలి, నిద్ర లేదు. అన్న వాళ్లింటి నుంచి గంజి తెచ్చి దగ్గర కూర్చుని తాగించేవాడు. నాలుగో రోజు లేచి బయటికి పోబోతే తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పోనియ్ అన్నా, చచ్చిపోతున్నా అన్నాను. "పోతానంటే ఆపే కండ నాకు లేదు తమ్ముడూ. నీ దేవుణ్ణి పిలు, నేను నా నమాజు చేసుకుంటా, ఇద్దరం కలిసి ఈ పూట దాటిద్దాం" అన్నాడు. ఆ పూట దాటింది. ఆ తర్వాత పూటా దాటింది. ప్రభువా, రేపటి సంగతి అడగను, ఈ పూట నన్ను పట్టుకో అనేదే నా ప్రార్థన. పన్నెండో రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

కాళ్లలో సత్తువ రాగానే నేను చేసిన మొదటి పని చెబుతాను. ఊళ్లో నేను మందు కొన్న ప్రతి షాపుకూ నడిచి వెళ్లాను. ఈసారి దగ్గలేదు. అయ్యా, నాకు దగ్గు లేదు, ఎప్పుడూ లేదు, మత్తు కోసం కొన్నాను, ఇక మీదట నేను కాళ్లు పట్టుకున్నా నాకు అమ్మొద్దు అని, కొనడానికి వచ్చిన వాళ్లు వింటుండగానే చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఒకాయన, నా మీద కేసేమన్నా పెడతావా ఏంది అని కంగారుపడ్డాడు. ఒక పెద్దాయన మాత్రం బల్ల దాటి బయటికి వచ్చి, "నాకు తెలుసయ్యా. తెలిసే అమ్మినా" అని తల దించుకున్నాడు. ఆయనా ఆ రోజు నుంచి డాక్టరు చీటీ లేనిదే ఎవరికీ ఆ మందు అమ్మడం లేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి, కానీ ఊళ్లో నేను మూసుకోవాల్సిన తలుపులన్నీ ఆ ఒక్క రోజే మూసుకున్నాను.

అయినా ఒకసారి పడ్డాను. అది కూడా చెప్పకపోతే ఇది సాక్ష్యం కాదు. రెండో నెలలో ఇంజను విడిభాగాల కోసం మాచర్ల వెళ్లాను, అక్కడ నన్నెరిగిన వాళ్లు లేరు, నా కాళ్లు వాటంతట అవే ఒక షాపులోకి వెళ్లాయి. కొన్నాను, తాగాను. తిరుగు బస్సులో కూర్చుని, అయిపోయింది, ఇక నావల్ల కాదు అనుకున్నాను. కానీ దిగగానే, ఇంటికి పోకుండా అయ్యగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆదివారం సంఘంలో చెబుతావా అని అడిగారు. చెబుతానన్నాను.

ఆ ఆదివారం లేచి నిలబడి మొత్తం చెప్పాను. మాచర్ల సంగతి, బిడ్డ సంగతి, అన్నీ. స్త్రీల వైపు తిరిగి, అమ్మా, మీరు నా దగ్గు కోసం ఏళ్ల తరబడి ప్రార్థించారు, నాకు దగ్గు లేదమ్మా, మిమ్మల్ని మోసం చేశాను అన్నాను. మా సంఘంలో సంతోషమ్మ అని పెద్దావిడ ఉంది, మిరప చేలల్లో పని చేసి నడుం వంగిపోయిన మనిషి. ఆమె కూర్చున్నచోటు నుంచే, "దగ్గని మేం అడిగాంలే అబ్బాయ్. రోగమేందో ఆయనకి తెలవదా? ఏడ పెట్టాలో ఆడ పెట్టాడు ప్రార్థన" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు ఏడ్చిన ఏడుపులో నటన లేదు, అది నాకు తెలుస్తూనే ఉంది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా చుక్క ముట్టలేదు. ప్రభువుకే స్తోత్రం!

ఏడాది గడవబోతుండగా ప్రకాశం మామ మాచర్లలో పక్షవాతంతో మంచాన పడ్డాడని తెలిసింది. మొదట, పడనీ అనుకున్నాను. నా బాల్యాన్ని తాగించిన మనిషి. కానీ ప్రార్థనలో కూర్చున్నప్పుడల్లా ఆ మంచమే కళ్ల ముందుకు వచ్చేది. ఆఖరికి వెళ్లాను. కోడలు ఒకామె సగం మనసుతో చూసుకుంటోంది. మామ నన్ను గుర్తుపట్టి, వంకర పోయిన నోటితో విహారీ అన్నాడు. నేను ఇశ్రాయేలుని మామా అన్నాను. ఎందుకు తాగించావు అని అడిగేశాను. బాగున్న చేత్తో నన్ను మంచం మీద కూర్చోమన్నాడు. తర్వాత, "నిద్ర లేక నువ్వు తూలి పడతంటే చూడలేకపోయాన్రా. ఇంటికి తీసుకుపోవాల్సింది. తీసుకుపోలా. నా పని పోద్దని తీసుకుపోలా" అన్నాడు.

నేను అక్కడికక్కడే క్షమించేశానని చెప్పను. లేచి వచ్చేశాను. బస్సులో వస్తూ, నేను మాత్రం షారోనును ఎందుకు ఇంటికి తీసుకుపోలేదు అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబూ మామ జవాబూ ఒక్కటే. రెండోసారి పళ్లు పట్టుకెళ్లాను. మూడోసారి వెళ్లి గడ్డం గీసి, ఒళ్లు తుడిచి, మామా, నిన్ను క్షమించాను, నన్ను కూడా దేవుడు అలాగే క్షమించాడు అని చెప్పాను. ఇప్పుడు నెలకు రెండుసార్లు వెళ్తాను. ఇష్టం పుట్టి వెళ్లడం లేదు, వెళ్లాలని నిశ్చయించుకున్నాను కాబట్టి వెళ్తున్నాను, ఇష్టం దారిలో ఎక్కడో పుడుతోంది.

రూతు పదకొండు నెలల తర్వాత వచ్చింది. చెప్పి రాలేదు. వర్క్‌షాపు ముందు ఆటో దిగి, మస్తాన్ అన్నను పక్కకు పిలిచి ఏదో అడిగింది, అయ్యగారి ఇంటికి వెళ్లి అడిగింది, మందుల షాపు పెద్దాయన్ను కూడా అడిగిందట. అన్నీ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "సామాను ఇంటికాడ దింపించా, సాయంత్రం పెందలాడే రా" అంది. ఆ ఒక్క మాట కోసం నేను ఇరవై సినిమాల చప్పట్లు ఇచ్చేస్తాను.

ఈ మధ్య ఒక టీవీ వాళ్లు వచ్చారు. ఒకప్పటి బాలనటుడు ఇప్పుడు మెకానిక్ అని కార్యక్రమం చేస్తారట. నూనె చేతులతో కూర్చుని పాత రోజులు తలచుకుని కాస్త కన్నీళ్లు పెట్టుకోవాలన్నారు. ప్రభువు నాకు చేసింది చెప్పనిస్తారా అని అడిగాను. అది కట్ అవుతుంది సార్ అన్నారు. అయితే నేను రానన్నాను. ఏడ్చి చూపించడం నా జీవితంలో అయిపోయింది సహోదరులారా.

షారోనుకు ఇప్పుడు పదకొండేళ్లు. ఆ రోజు సంగతి దానికి సగమే గుర్తుంది. మిగతా సగం పోయిన ఏడాది నేనే కూర్చోబెట్టి చెప్పాను, ఎవరో బయటివాళ్లు చెప్పకముందే తండ్రి నోటితో వినాలని. అంతా విని, "ఇంకెప్పుడైనా తాగాలనిపిస్తే నాకు చెప్తావా నాన్నా" అంది. చెప్తానన్నాను. రెండుసార్లు చెప్పాను కూడా. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. ఏ బిడ్డను నేను పోగొట్టుకోబోయానో ఆ బిడ్డే నా కోసం ప్రార్థించేలా చేసిన దేవునికి, నా ప్రభువైన యేసయ్యకు, నా ఊపిరి ఉన్నంతకాలం వందనాలు!

ఇంత పెద్ద కూటంలో, పైకి నెమ్మదిగా కూర్చుని లోపల నాలాగా నటిస్తున్న వాళ్లు ఒక్కరైనా ఉంటారు. అది మందే కానక్కర్లేదు. మీ ఇంట్లో వాళ్లకు తెలియదు, మీ అయ్యగారికి తెలియదు, కానీ ప్రభువుకు తెలుసు, తెలిసి కూడా మిమ్మల్ని వదిలిపెట్టలేదు. మిమ్మల్ని ముందుకు వచ్చి నిలబడమని నేను పిలవను, నలుగురి ముందు నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. ప్రార్థన అయిపోయాక నేను ఈ పందిరి బయట, బస్సు ఆగే చోట ఉంటాను. ఊరికే వచ్చి పక్కన నిలబడండి, ఏమీ చెప్పక్కర్లేదు. మా వాళ్లతో నేను చెప్పే వచ్చాను, ఈ పూట బస్సు తప్పినా ఫరవాలేదని. మీరు సరేనంటే రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.